మన సముద్రంలో చంద్రుడు అస్తమించడు

కొన్నేళ్ల క్రితం, రమజాన్ 29వ రోజు సాయంత్రం. ఇఫ్తార్ చేసి, మగ్‌రిబ్ నమాజు ముగించుకొని వీధిలోని పిల్లా పెద్దా అందరం మిద్దెల మీదికి చేరాము. నెల్లూరు పట్టణానికి పడమట ఆకాశమంతా మబ్బు పట్టి ఉంది. చంద్రుడున్నా కనిపించే వీలు లేదు. పిల్లలు మాత్రం ఆశ వదలక మబ్బుల సందులు వెతుకుతున్నారు. ఇంతలో మా మేనల్లుడు ఫోను పట్టుకొని పరుగున వచ్చాడు.

“మామూ, మైపాడులో నెలవంక కనిపించిందంట! ఫోటో కూడా వచ్చింది చూడండి” అన్నాడు.

చూశాను. ఎంతో అందమైన చిత్రం. కింద నల్లని సముద్రం, దాని మీద ఒక పడవ నీడ, ఆ పైన ఎర్రబారిన ఆకాశంలో గోటితో గీసినట్టు సన్నని వంక. చిత్రం కింద రెండే మాటలు: “మైపాడు సముద్రతీరం. ఈద్ ముబారక్.” ఆ తీరం నాకు తెలిసినదే. పట్టణానికి ఎంతో దూరం లేదు. అనుమానించాలన్న తలంపే రాలేదు. బంధువుల గ్రూపులోకి ఒకటి, మిత్రుల గ్రూపులోకి మరొకటి పంపించి, “అల్‌హమ్‌దులిల్లాహ్, చంద్రదర్శనమైంది” అని నా మాటగా రాశాను కూడా. క్షణాల్లో ఇల్లంతా పండుగ సందడి మొదలైంది. ఒకరు గోరింటాకు నూరడానికి లేచారు. ఒకరు షీర్ ఖుర్మా కోసం పాలు చెప్పడానికి పరుగెత్తారు.

మా అమ్మ ఒక్కతే కదలలేదు. ఆ ఫోను తన చేతిలోకి తీసుకొని, కళ్లజోడు సవరించుకొని, చాలాసేపు చూసింది. ఆమె బడిలో చదివింది తక్కువ. అయితే పుట్టి పెరిగింది తీరప్రాంతపు పల్లెలో.

“సముద్రం మనకు తూర్పు దిక్కున గదా నాయనా. మగ్‌రిబ్ పొద్దులో నెలవంక అక్కడెట్టా ఉంటుంది?” అంది.

మిద్దె మీద ఒక్కసారిగా నిశ్శబ్దం. ఆ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదు. మసీదు నుండి కబురు వచ్చింది: ఈ ఫోటో ఎవరు తీశారు? కళ్లతో చూసినవారెవరు? నాకు పంపినవారిని అడిగితే మరొకరి పేరు చెప్పారు. ఆ మరొకరు ఇంకొకరి పేరు చెప్పారు. చూసినవారు ఒక్కరూ దొరకలేదు. రాత్రి పొద్దుపోయాక, చంద్రదర్శనం ధ్రువపడలేదనీ రేపు 30వ ఉపవాసమనీ ప్రకటన వెలువడింది. నేను పంపిన సందేశాలను తొలగించాను. పని అయిపోయిందనుకున్నాను.

పని అయిపోలేదు. కావలి దగ్గరి ఒక పల్లెలో మా ఖాలా ఒంటరిగా ఉంటుంది. ఆమెకు ఫోనులో సందేశాలు చదవడం రాదు. పొరుగింటి అమ్మాయి నా సందేశాన్ని చదివి వినిపించింది. రేపు పండుగే కదా అని ఖాలా ఆ రాత్రి తరావీహ్ చేయలేదు, సహరీకి లేవలేదు. తెల్లవారి స్నానం చేసి, ఉన్నంతలో మంచి బట్టలు కట్టుకొని, నాలుగు సేమ్యా మెతుకులు నోట్లో వేసుకొని ఈద్‌గాహ్ వైపు సందడి వినిపిస్తుందేమోనని ఎదురుచూసింది. ఏ సందడీ లేదు. అప్పుడు తెలిసింది, ఆ రోజు ఇంకా రమజానేనని. మిగిలిన పగలంతా మంచినీళ్లు కూడా ముట్టకుండా గడిపి, పండుగ వెళ్లిన తరువాత ఆ ఒక్క ఉపవాసాన్ని ఖజాగా పాటించింది.

క్షమాపణ చెప్పుకోవడానికి నేను వెళ్లినప్పుడు ఆమె నన్ను ఒక్క మాట కూడా తిట్టలేదు. “నువ్వు చెప్పావంటే చూసే ఉంటావనుకున్నాను నాయనా” అంది, అంతే. ఈ నెల ఈ శీర్షికలో నెలవంక గురించి, దాని ఛాయాచిత్రాల గురించి రాయడానికి కారణం ఆ మాటే.

ముందుగా మా అమ్మ అడిగిన ప్రశ్న సంగతి చూద్దాం. చంద్రుడు నక్షత్రాల మధ్య పడమటి నుండి తూర్పుకు జరుగుతూ, రోజుకు సగటున 50 నిమిషాలు సూర్యుని కంటే వెనుకబడతాడు. అమావాస్య నాడు ఇద్దరూ ఒకే దిక్కున ఉంటారు. ఆ మరుసటి సాయంత్రానికి చంద్రుడు కొద్దిగా వెనుకబడతాడు కనుక, సూర్యుడు అస్తమించిన తరువాత కొద్దిసేపు, సుమారు ముప్పావు గంటో అంతకు కొంచెం ఎక్కువ తక్కువగానో, అదే పడమటి ఆకాశంలో నిలిచి తానూ అస్తమిస్తాడు. నెల మొదటి వంకను చూడగల సమయం అదొక్కటే, దిక్కు అదొక్కటే. రుతువును బట్టి కొంత ఉత్తరానికో దక్షిణానికో జరగవచ్చు గాని, తూర్పుకు మాత్రం రాదు.

నెల్లూరు తీరం ఉత్తర దక్షిణాలుగా సాగిన తీరం. రామాయపట్నం మొదలుకొని మైపాడు, కృష్ణపట్నం, తూపిలిపాళెం వరకు ఎక్కడ నిలబడినా బంగాళాఖాతం తూర్పుననే ఉంటుంది. పడమట బకింగ్‌హాం కాలువ, తాటితోపులు, వరి పొలాలు, వాటన్నిటికీ ఆవల వెలికొండలు. మన నెలవంక అస్తమించేది ఆ కొండల వైపు. కనుక సాయంత్రం వేళ మైపాడు సముద్రం మీద అస్తమిస్తున్న నెలవంక అని ఎవరైనా చిత్రం చూపిస్తే, మరే పరీక్షా అవసరం లేదు. ఆ మాట నిజం కాదు.

అయితే ఆ చిత్రమే కల్పితమా? కాదు. తరువాత విచారిస్తే తెలిసిన సంగతి ఇది. ఒక యువకుడు 27వ రమజాన్ నాడు సహరీ చేసి, మిత్రులతో కలిసి మైపాడుకు వెళ్లి, ఫజ్ర్ నమాజు తరువాత సముద్రం మీదికి ఎగబాకుతున్న చంద్రుణ్ని ఫోటో తీశాడు. అందులో మోసం లేదు. స్థలం నిజం, చంద్రుడు నిజం, పడవ నిజం. రెండు రోజుల తరువాత మరెవరో దాని కింద పండుగ శుభాకాంక్షలు చేర్చి, ఉదయాన్ని సాయంత్రంగా మార్చారు. నేను నా మాట కూడా చేర్చి దానికి సాక్షినయ్యాను.

మన తీరంలో సముద్రం మీద కనిపించే వంక, నెల చివరి వంక. 26, 27, 28 తేదీలలో తెల్లవారకముందు అది తూర్పున నీటి అంచు నుండి పైకి వస్తుంది. దివ్య ఖుర్‌ఆన్‌లో యాసీన్ సూరా 39వ ఆయతు, చంద్రుడు దశలన్నీ దాటి చివరకు ఎండి వంగిన పాత ఖర్జూరపు మట్టలా మిగలడాన్ని ప్రస్తావిస్తుంది. ఆ పోలికను కళ్లారా చూడాలనుకునేవారికి మైపాడు తీరం కంటే మంచి చోటు మరొకటి లేదు. రమజాన్ చివరి రోజులలో సహరీ తరువాత అక్కడ నిలబడితే, ముదిరి, సన్నబడి, పసుపుపచ్చగా వంగిన ఆ మట్ట నీళ్లలో నుండి లేస్తుంది. దాని వెలుగు అంచు కిందికి, ఇంకా ఉదయించని సూర్యుని వైపుకు తిరిగి ఉంటుంది. కొద్దిసేపటికి పగటి వెలుగు దాన్ని మింగివేస్తుంది. నెల మొదటి వంక సంతోషం కలిగిస్తే, ఈ చివరి వంక మనల్ని లెక్క అడుగుతుంది: ఈ నెలలో ఏమి సంపాదించుకున్నావని.

మరి చంద్రుడు నిజంగా సముద్రంలో అస్తమించే చోటు లేదా? ఉంది. అది పడమటి తీరం. కేరళ వాసులకు అరేబియా సముద్రం పడమట ఉంది. 2024లో జరిగినది గుర్తు చేసుకుందాం. ఆ ఏడాది ఏప్రిల్ 8న మన గడియారం ప్రకారం రాత్రి సుమారు 11 గంటల 51 నిమిషాలకు అమావాస్య ఘడియ. ఆ రోజే ఉత్తర అమెరికాలో సంపూర్ణ సూర్యగ్రహణం కనిపించింది. మరునాడు, ఏప్రిల్ 9 సాయంత్రం నెల్లూరులో సూర్యుడు అస్తమించే సరికి చంద్రుని వయస్సు సుమారు పద్దెనిమిదిన్నర గంటలు. ఆ వయస్సులో వంక కనిపించీ కనిపించనట్టు ఉంటుంది. కేరళలో చంద్రదర్శనమైందని ప్రకటించి ఏప్రిల్ 10న ఈద్ జరుపుకున్నారు. మన రాష్ట్రంతో సహా దేశంలో అత్యధిక ప్రాంతాలలో ఏప్రిల్ 11న పండుగ అయింది.

కోళికోడు నెల్లూరు కంటే నాలుగు డిగ్రీలు పడమట ఉంది. అక్కడ పొద్దు సుమారు పావుగంట ఆలస్యంగా కుంకుతుంది కనుక చంద్రుని వయస్సు అంత పెరుగుతుంది. పైగా అడ్డులేని సముద్రపు అంచు. అంత మాత్రాన పడమటి తీరంలో ప్రతిసారీ కనిపిస్తుందని కాదు. నీటి ఆవిరి, పొగమంచు అక్కడా అడ్డుపడతాయి. ప్రదేశాన్ని బట్టి దర్శనంలో తేడా రావడం సహజమని మాత్రం గ్రహించాలి.

ఈ తేడా కొత్తది కాదు. సహీహ్ ముస్లింలో కురైబ్ (రహ్మతుల్లాహి అలైహి) ఉల్లేఖనం ఒకటి ఉంది. ఆయన సిరియా వెళ్లి అక్కడ శుక్రవారపు రాత్రి రమజాన్ నెలవంకను చూశారు. నెలాఖరుకు మదీనా చేరినప్పుడు, అక్కడివారు శనివారపు రాత్రి చూశారని తెలిసింది. సిరియా దర్శనం సరిపోదా అని ఆయన అడిగితే, హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అబ్బాస్ (రజియల్లాహు అన్హు) తాము చూసిన దానినే అనుసరిస్తామనీ, దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) తమకు అలాగే ఆదేశించారనీ సమాధానమిచ్చారు. ఆ సంభాషణలో కోపం లేదు, ఎగతాళి లేదు. ఒకరు తాను చూసినది చెప్పారు, మరొకరు తాము చేసేది చెప్పారు. వేర్వేరు రోజుల్లో పండుగ వచ్చినప్పుడు మన ఇళ్లలో, గ్రూపులలో సాగే వాదోపవాదాలకు ఇదొక పాఠం. ఏ ప్రాంతపు దర్శనం ఎంతవరకు వర్తిస్తుందన్నది ఉలమాల చర్చ. చూడనిదాన్ని చూశానని చెప్పకూడదన్నది మాత్రం మనందరి బాధ్యత.

ఇక్కడ ఒక ప్రశ్న రావచ్చు. కన్ను పొరబడవచ్చు గాని కెమెరా పొరబడదు కదా, చిత్రమే మంచి సాక్ష్యం కాదా? కెమెరా సామర్థ్యం ఎంతో చూడండి. సూర్యునికి 7 డిగ్రీల లోపు దూరంలో ఉన్న చంద్రుడు కంటికి కనబడడని ఫ్రెంచి ఖగోళ శాస్త్రజ్ఞుడు ఆంద్రే దాంజో 1930లలో అంచనా కట్టారు. 2013 జులై 8న తియరీ లెగో అనే ఫ్రెంచి ఛాయాచిత్రకారుడు సరిగ్గా అమావాస్య ఘడియలో, పట్టపగలు, సూర్యునికి 4.4 డిగ్రీల దూరంలో ఉన్న చంద్రుని వంకను చిత్రించగలిగారు. సూర్యకాంతి నేరుగా పడకుండా అడ్డు అమర్చి, కంటికి కనిపించని పరారుణ కాంతిలో తీసిన చిత్రమది. ఆ తరువాత రెండు మూడు రోజులకే రమజాన్ మొదలైంది. ఏ మనిషి కన్నూ చూడలేని వంకను యంత్రం చూసింది. శాస్త్రరీత్యా అది గొప్ప సాధన. కాని మగ్‌రిబ్ తరువాత మిద్దె మీద నిలబడి మనం వెతికే వంక అది కాదు.

దీనికి వ్యతిరేకమైన సంగతీ ఉంది. ఈనాటి కొన్ని ఫోన్లు తమ ముందున్నది చంద్రుడని గుర్తించి, తమంతట తామే మెరుగులు దిద్ది చూపిస్తాయి. అంటే యంత్రం మనం చూడలేనిదాన్ని చూపగలదు, లేనిదాన్ని చేర్చగలదు కూడా. పైగా చిత్రం తనంతట తాను ఎప్పుడు, ఏ దిక్కుకు తిరిగి తీసినదో చెప్పదు. అది చెప్పవలసినవాడు తీసిన మనిషే. కాబట్టి చివరకు సాక్ష్యం మనిషిదే అవుతుంది.

మనిషి కన్ను ఎంత నిజాయితీగా పొరబడగలదో తెలిపే సంఘటనను చరిత్రకారుడు ఇబ్న్ ఖల్లికాన్ తన జీవితచరిత్రల గ్రంథంలో నమోదు చేశారు. బస్రా నగరంలో కొందరు నెలవంక కోసం చూస్తున్నారు. వారిలో హజ్రత్ అనస్ బిన్ మాలిక్ (రజియల్లాహు అన్హు) ఉన్నారు. దైవప్రవక్త (స)కు పదేళ్లు సేవ చేసిన ఆ మహనీయునికి అప్పటికి వయస్సు నూరేళ్లకు చేరువ. “అదిగో, కనిపిస్తోంది” అని ఆయన వేలు చూపారు. ఎవరికీ ఏమీ కనిపించలేదు. పక్కనే ఉన్న ఇయాస్ బిన్ ముఆవియా, తరువాతి కాలంలో బస్రా ఖాజీగా పేరుపొందినవారు, ఆయన ముఖం వైపు పరికించి చూశారు. కనుబొమ నుండి ఒక తెల్లని వెంట్రుక వంగి కంటి మీదికి వచ్చి ఉంది. ఇయాస్ మెల్లగా దానిని సవరించి, ఇప్పుడు చూపించండి అని కోరారు. ఆయన మళ్లీ చూసి, ఇప్పుడు కనిపించడం లేదన్నారు.

ఈ సంఘటన చదివిన ప్రతిసారీ నన్ను ఇద్దరూ ఆకట్టుకుంటారు. ఇయాస్ నలుగురిలో ఆ పెద్దాయనను తప్పుపట్టలేదు. కంటికి అడ్డున్నదాన్ని ప్రేమతో తొలగించారు, అంతే. హజ్రత్ అనస్ (రజి) కూడా ముందు అన్న మాటను పట్టుకొని వేలాడలేదు. కనిపించనప్పుడు కనిపించలేదని చెప్పారు. మా అమ్మ ఆ సాయంత్రం నా కంటి మీది వెంట్రుకనే సవరించింది. దాన్ని అంగీకరించడానికి నాకే ఎక్కువ సేపు పట్టింది.

వార్త వచ్చినప్పుడు, తెలియక ఎవరికైనా హాని చేసి తరువాత పశ్చాత్తాపపడే స్థితి రాకుండా ముందే విచారించుకోమని అల్ హుజురాత్ సూరా 6వ ఆయతు బోధిస్తుంది. విన్నదాన్నల్లా చెప్పివేయడమే మనిషిని అబద్ధీకుని చేయడానికి చాలునన్న భావంతో సహీహ్ ముస్లింలో హదీసు ఉంది. ఈ రెండూ నాకు అంతకు ముందు తెలియనివి కావు. జుమా ప్రసంగాలలో ఎన్నోసార్లు విన్నాను. అయితే ఫోను మీద వేలితో ఒక్కసారి తాకడం కూడా ‘చెప్పడమే’ అవుతుందని, నాలుగు సేమ్యా మెతుకులు తిన్న మా ఖాలాను చూసేదాకా నాకు తట్టలేదు.

ఇంత చెప్పిన తరువాత, పిల్లలను చంద్రుని ఫోటోలు తీయవద్దని అంటానేమో అనుకోకండి. తీయమనే అంటాను. ఆ యువకుని తపన మంచిదే. నెలవంకలు ప్రజలకూ హజ్‌కూ కాలాన్ని తెలిపే గుర్తులని అల్ బఖరా సూరా 189వ ఆయతు చెబుతున్నప్పుడు, వాటిని శ్రద్ధగా గమనించే పిల్లలు మన ఇళ్లలో ఉండటం సంతోషించవలసిన విషయం. తీసే పద్ధతి మాత్రం తెలుసుకోవాలి.

నెల మొదటి వంక కోసం తీరానికి వెళితే సముద్రానికి వీపు పెట్టి నిలబడాలి. పొద్దు ఎక్కడ కుంకిందో ఒక తాటిచెట్టునో గోపురాన్నో గుర్తు పెట్టుకొని, ఆ గుర్తుకు కాస్త పైన, ఆ చుట్టుపక్కల వెతకాలి. సూర్యుడు పూర్తిగా అస్తమించకముందు దూరదర్శినిని గాని బైనాక్యులర్‌ను గాని ఆ దిక్కుకు తిప్పరాదు, కంటిచూపే పోతుంది. అస్తమించిన 20 నిమిషాల తరువాత ఆకాశం కొద్దిగా చీకటిపడి వంక తేలుతుంది. ఫోనునో కెమెరానో ముక్కాలి పీట మీద కదలకుండా నిలపాలి. ఫ్లాష్ ఆపివేయాలి. తెర మీద వెలుగును తగ్గిస్తే వంక అంచు స్పష్టంగా వస్తుంది. వెలుగును పెంచి కాస్త ఎక్కువసేపు తెరిచి ఉంచితే, వంక కౌగిలిలో ఉన్న చీకటి భాగం కూడా బూడిదరంగులో కనిపిస్తుంది. అది మన భూమి నుండి చంద్రుని మీద పడి తిరిగి వచ్చే వెలుగు. తీరంలో ఉప్పుగాలి అద్దానికి పొరలా పడుతుంది గనుక మెత్తని గుడ్డతో తుడుచుకుంటూ ఉండాలి.

వంక ఆకారమూ మనకు సాక్ష్యమే. నెల్లూరు భూమధ్యరేఖకు 14 డిగ్రీల ఉత్తరాన ఉంది. ఫిబ్రవరి, మార్చి నెలలలో మన సాయంత్రపు వంక కొమ్ములు పైకెత్తి పడవలా పడుకొని ఉంటుంది. ఆ నెలలలో నిటారుగా నిలబడిన వంకను ఎవరైనా మన ఊరిదని పంపితే, అది చాలా ఉత్తరాన ఉన్న మరో దేశపుదో, మరో కాలపుదో అయి ఉండాలి.

నీటి మీద అస్తమించే చంద్రుణ్నే చిత్రించాలన్న కోరిక ఉన్నవారికి పాత నెల్లూరు జిల్లాలోనే ఒక చోటు ఉంది. అది పులికాట్ సరస్సు. సూళ్లూరుపేట నుండి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు ఆ సరస్సు మీదుగా సాగుతుంది. ఈశాన్య రుతుపవనాల వానలు పడి సరస్సు నిండిన తరువాత, అటకానితిప్ప వైపు నిలబడి పడమటికి తిరిగితే, ముందు నీరు, నీటిలో రాజహంసలు, ఆ పైన దిగిపోతున్న నెలవంక. వేసవిలో ఆ ప్రాంతం చాలావరకు ఎండిపోతుంది. రమజాన్ ఏటా 10, 11 రోజులు ముందుకు జరుగుతుంది కనుక, కొన్నేళ్ల పాటు ఈద్ చంద్రుడు చలికాలపు నీటి మీదనే దిగుతాడు. చంద్రయాన్ నౌకలు 2008లో, 2019లో, 2023లో చంద్రుని వైపు బయలుదేరినది ఆ రోడ్డు చివర ఉన్న దీవి నుండే. ఒక్క ఘడియ లెక్క తప్పితే ఆ ప్రయాణాలు సాగవు. మన మాట లెక్క మాత్రం తప్పినా ఫరవాలేదని ఎలా అనుకుంటాం?

చిత్రం తీశాక దాని కింద నాలుగు వివరాలు రాయడం పిల్లలకు అలవాటు చేయండి: ఊరు, తేదీ, సమయం, ఏ దిక్కుకు తిరిగి తీసినది. ఇతరుల చిత్రం వస్తే ఆ నాలుగూ అడగమనండి. సమాధానం లేని చిత్రాన్ని చూసి ఆనందించవచ్చు గాని, దానితో పండుగ ప్రకటించకూడదు. కళ్లతో చూసినవారు మసీదుకు వెళ్లి బాధ్యులకు చెప్పాలి. మబ్బు కమ్మితే 30 పూర్తి చేయమని దైవప్రవక్త (స) మనకు మార్గం చూపనే చూపారు. ఇందులో ఆందోళనకు తావెక్కడ?

మరుసటి సంవత్సరం 29వ సాయంత్రం నేనూ మా మేనల్లుడూ మిద్దె ఎక్కాము. పడమట ఆకాశం నిర్మలంగా ఉంది. కొబ్బరిచెట్టు పక్కన ముందుగా చూసినది వాడే. తరువాత నాకూ కనిపించింది, ఆ తరువాత మా అమ్మకూ. చంద్రునికీ మనకూ ప్రభువు అల్లాహ్‌యేనని చెప్పుకుంటూ శాంతినీ విశ్వాసాన్నీ కోరే దుఆ చదువుకున్నాము. వాడు తీసిన ఫోటో కదిలిపోయి, వంక కాస్తా తెల్లని మచ్చలా వచ్చింది. దాన్ని ఎవరికీ పంపలేదు. మసీదుకు వెళ్లి చూసిన సంగతి చెప్పి, ప్రకటన వెలువడిన తరువాత కావలికి ఫోను చేశాను.

“ఖాలా, నెలవంక కనిపించింది. నేను చూశాను.”

అవతల ఒక్క క్షణం నిశ్శబ్దం.

“నీ కళ్లతోనేనా నాయనా?”

“నా కళ్లతోనే ఖాలా. అమ్మ కూడా చూసింది.”

“అయితే సేమ్యా నానబెడతాను” అంది ఖాలా.